షోలాపూర్ కోడలు

రాయచూరు బస్సు దిగిన మనిషిని పోయిన వారం వీధి మొగదల నిలబెట్టి వచ్చేశాం. పాపం, అప్పట్నుంచీ అక్కడే నిలబడి ఉంటాడు, కాళ్ళు పీకి ఉంటాయి. ముందు వాణ్ని ఇంట్లోకి తీసుకుపోదాం.

మనిషి పేరు సీతారాములు. గద్వాలలో నేతగాడు ధర్మయ్యకు ఒక్కగానొక్క కొడుకు. పెళ్ళయిన ఏడాదికే షోలాపూరు మిల్లులో పనికి పోయి మూడేళ్ళు ఇంటి ముఖం చూడలేదు. ఆ మూడేళ్ళూ అతని భార్య కళావతి, రాయచూరు బస్సు చప్పుడు వినబడినప్పుడల్లా పేకదారం మోసే నాడెను చేతిలోనే ఆపేది. బస్సు ఇంకా పొలాల అవతల ఉండగానే ఆమెకు వినబడేదట. అది ఇవ్వాళ ఊరు చేరుతుందో, దారిలో పొగలు కక్కి పడుకుంటుందో కూడా ఆ చప్పుడును బట్టి చెప్పేదట. బస్సువాళ్ళకు ఈ సంగతి తెలియలేదు గానీ, తెలిస్తే జీతమిచ్చి పెట్టుకునేవాళ్ళు.

అలా ఎదురుచూసిన మనిషి వచ్చాడు. వెనకాల కూలివాడి నెత్తిన గోనెపట్టాలో చుట్టిన పొడుగాటి పెట్టె. కళావతి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. చెంబు అందుకుని, గుక్కెడు తాగి, ఆమె ముఖంలోకి చూసి సీతారాములు అన్న మొదటి మాట ఇదీ:

"మగ్గం ఖాళీగున్నదా?"

మూడేళ్ళకు వచ్చిన మొగుడు అడగవలసిన మాటలు లోకంలో వెయ్యి ఉంటాయి. అందులో ఇది లేదు. కళావతి చెంబు అందుకుని లోపలికి పోయింది. జవాబు ధర్మయ్యే చెప్పాడు.

"పొద్దుగాలనే కొత్త పడుగు ఎక్కిచ్చిన్రా. ఇంక పేక పడలె. ఏంది, దిగీదిగంగనే మగ్గం గుంటల కూసుంటవా?"

"నేను గాదు నాయినా. ఇది కూసుంటది," అని సీతారాములు పెట్టె మీద చరిచాడు.

వీధిలో కబురు పొక్కడానికి మనుషులు కావాలా? ధర్మయ్య ఇంటి గోడకూ పక్కింటి గోడకూ మధ్య ఒక కంత ఉంది, అది చాలు. పెట్టె మూత తీసేసరికి గడప నిండా జనం. పెట్టెలోంచి నునుపు పట్టిన చెక్కపలకలు వచ్చాయి, రెండు ఇనుప చుట్టలు వచ్చాయి, చిన్న చిన్న నాడెలు వచ్చాయి, తాడు వచ్చింది. చివరికి రుమాలులో భద్రంగా చుట్టిన చింతకొయ్య చీల ఒకటి వచ్చింది. బొటనవేలంత ఉంటుంది. ఒంటి నిండా మెట్లు చెక్కి ఉన్నాయి.

"గిది లేకుంటే గివన్ని పొయ్యిలకు," అన్నాడు సీతారాములు దాన్ని వెలుతురుకు ఎత్తి చూపిస్తూ. "దీని మెట్టు వెంట్రుకంత తప్పినా తాడు జారుతది. ఎన్ని చెక్కి పారేసిన్నో నాకే ఎరుక."

ఇక్కడ గద్వాల మగ్గం సంగతి ఒకటి చెప్పుకోవాలి, లేకపోతే కళావతి కడుపులో మంట మనకు అందదు. గద్వాల చీర ఒక్క మనిషితో అయ్యేది కాదు. నడుమంతా నూలు, అంచులకు పట్టు. నూలు పోగూ పట్టు పోగూ ఒకదాని మెడ మీద ఒకటి చెయ్యి వేసుకున్నట్టు మెలిపడితేనే అంచు చీరను పట్టుకుని నిలుస్తుంది. ఆ మెలి కోసం మగ్గం గుంటలో ఒకరు, పక్కన పీట మీద ఒకరు కూర్చోవాలి. ఒకరు నాడె తోస్తే ఒకరు అందుకోవాలి. ప్రతి పోగుకూ ఒకరి వేళ్ళు ఇంకొకరి వేళ్ళ దాకా వచ్చి మళ్ళాలి. అందుకే ఆ వీధిలో ఆలుమగలు అలిగితే మొదట చల్లారేది పొయ్యి కాదు, మగ్గం. వెనకటి పెద్దలైతే పెళ్ళిళ్ళకు జాతకాలే చూసేవాళ్ళు కాదట. పిల్లనూ పిల్లవాణ్నీ ఒక పూట మగ్గం మీద కూర్చోబెట్టి అంచు చూసేవాళ్ళట. అంచు వంకరపోతే సంబంధం వంకరే. ఇది ధర్మయ్య చెప్పిన మాట. ధర్మయ్య మాటల్లో సగం తీసేసి, మిగిలిన దాంట్లో మళ్ళీ సగం తీసేస్తే, అప్పుడు కూడా అందులో కొంచెం అబద్ధం ఉంటుంది.

పెళ్ళయిన ఏడాది కళావతి ఆ పీట మీద కూర్చునేది. గుంటలో సీతారాములు. మామ చూడనప్పుడు అతడు అంచు పట్టుదారాన్ని ఆమె వేలికి ఒక్క చుట్టు చుట్టి గుంజేవాడు. ఆమె "అంచు పోతది, అంచు పోతది" అనేది. అంచు ఎప్పుడూ పోలేదు. అతడు షోలాపూరు పోయాక ఆ గుంటలోకి మామ దిగాడు. ధర్మయ్య చెయ్యి మంచి చెయ్యే, కానీ ఒక భుజం బిగిసిపోయింది. మూడేళ్ళుగా కళావతి వేళ్ళ దాకా వచ్చిందల్లా ఒక ముసలి చెయ్యి. ఆ చెయ్యి ఎన్నడూ దారం చుట్టలేదు.

ఇప్పుడా పీట తీసేశారు. తీసినవాడు సీతారాములే. పీట ఉన్న చోట చెక్కపలక బిగించి, తాడు లాగి కట్టి, మెట్ల చీలను దాని గూట్లో దూర్చి, రుమాలుతో చెమట తుడుచుకున్నాడు. పీట గోడకు ఆనించి ఉంది. కళావతి దాన్ని చూస్తూ నిలబడింది.

కురుమూర్తి అని ఆ వీధిలో ఒక పెద్దమనిషి. ఎవరింట్లో ఏం జరిగినా ముందు వరస ఆయనదే. మీసం దువ్వుకుంటూ అన్నాడు. "ఏమ్రా అల్లుడా, ఉన్న కోడల్ని లేపి షోలాపూర్ కోడల్ని కూసోవెట్టినవ్!"

గడపంతా గొల్లుమంది. ఆ క్షణం నుంచి ఆ యంత్రానికి అదే పేరు. షోలాపూర్ కోడలు. కళావతి కూడా నవ్వింది. నలుగురిలో నవ్వకపోతే ఏడ్చినట్టు లెక్క.

"నాయినా, నాడె అందుకో," అన్నాడు సీతారాములు.

ధర్మయ్య బిగిసిన భుజం నిమురుకున్నాడు. "నా చెయ్యి యాడ లేస్తదిరా. నీ మిషిను, నీ చెయ్యి. మొదటి పోగు నువ్వే ఎయ్యి."

సీతారాములు గుంటలోకి దిగాడు. కాలితో చెక్క తొక్కాడు, నడుమ నాడె తోశాడు, తాడు లాగాడు. అంచు దగ్గర చిన్న నాడెలు రెండు వైపులా ఎలకపిల్లల్లా ఉరికి, పట్టును నూలుకు మెలిపెట్టి, తమ గూళ్ళలోకి తాము వెళ్ళి కూర్చున్నాయి. మళ్ళీ తొక్కాడు, మళ్ళీ లాగాడు. పక్కన ఎవరూ లేరు. అంచు మాత్రం పడుతూనే ఉంది.

జనం మెడలు సాచి అంచు వంక చూశారు. కురుమూర్తి మీసం కూడా ఆగిపోయింది.

ముందు తేరుకున్నది సత్తెమ్మ. ధర్మయ్య తమ్ముని భార్య. మొగుడు పోయినప్పటి నుంచి ఆమె ఇంట్లో మగ్గం మూలన పడింది. పిల్లలు లేరు, పక్కన కూర్చునే దిక్కు లేదు. వాళ్ళకూ వీళ్ళకూ నూలు కండెలు చుట్టిపెట్టి బతుకుతోంది. వంగి అంచును వేలితో తడిమింది.

"ఒక్కదాన్నే నెయ్యొచ్చునా బిడ్డా దీంతోని?"

"ఒక్కదానివే, చిన్నమ్మా."

"నా ఇంట్ల మగ్గం మీద ఇప్పుడు సాలీడు నేస్తున్నది. నేను దిక్కుజూసుకుంట కూసుంటున్న. దానికి తోడు అక్కర రాకపాయె, నాకు అక్కరొచ్చె." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నాకొకటి చేసియ్యిరా. నీకు పున్నెముంటది."

"అందరికీ అయితది. ఇంకో పదేండ్లు ఆగుండ్రి," సీతారాములు గొంతు లేచింది. షోలాపూరులో ఏ దీపం కింద కూర్చుని ఈ మాటలు కూడబెట్టుకున్నాడో గానీ, అవి ఇప్పుడు కట్ట తెగినట్టు వచ్చాయి. "కరెంటు తీగ గీ వీధికి వస్తది. తాడు గూడ గుంజేది ఉండది. ఒక్క మనిషి పది మగ్గాలకు కావలి కూసుంటడు."

"మిగిలిన తొమ్మిది మంది?" కురుమూర్తి అడిగాడు.

"సదువుకుంటరు."

"సదువుకొని?"

"ఇంకా మంచి మిషిన్లు చేస్తరు."

"గట్లయితే అల్లుడా, ఆ కావలి కూసున్నోడు గూడ అక్కర రాడు గద! ఇగ మనమంతా కూసోని ఒకని మొఖం ఒకడు చూసుకుందం. అది మంచి పనే. ఇప్పటిదాంక తీరిక లేకుంట పాయె."

మళ్ళీ నవ్వులు. సీతారాములూ నవ్వాడు గానీ, జవాబు కోసం ఒక క్షణం కళావతి వైపు చూశాడు. ఆమె గోడకు ఆనించిన పీటను ఎత్తుకుని వంటింట్లోకి పోతోంది.

జనం పలచబడ్డాక, అన్నం పెడుతూ కళావతి అడిగింది. పెళ్ళయిన ఏడాది అడగలేని మాటలు కూడా మూడేళ్ళ ఒంటరితనం నేర్పుతుంది.

"ఇగ నేనేం జెయ్యాలె?"

"నువ్వు దొరసాని లెక్క గుంటల కూసోవాలె. నడుమ నువ్వే, అంచుకు నువ్వే. నాయినకు చాతగాకున్నా, నేను లేకున్నా, ఎవ్వలు లేకున్నా నీ మగ్గం ఆగది."

ఆమె చేతిలో గరిటె ఆగింది. "నేను లేకున్నా అంటివి."

సీతారాములు ముద్ద కలుపుతూనే ఉన్నాడు. కలిపిన అన్నాన్నే మళ్ళీ కలిపాడు.

"అమాస ఎల్లంగనే పనిల ఉండాలె. జర్మనీ లడాయి గద, ఫౌజు బట్ట దినామూ రాత్రీ నేస్తున్నరు. రానోని జాగల ఇంకోన్ని నిలవెడతరు."

బయట వాకిట్లో మేక ఒకటి అరిచింది. కళావతి దాన్ని అదిలించడానికి అన్నట్టు లేచి, మళ్ళీ కూర్చుంది. ఇంతసేపూ ఆ యంత్రం తన పీట లాక్కుందని ఆమె ఏడుస్తోంది. అది లాక్కున్నది తన పీటను కాదు. అతని గుంటను. అతడు కూర్చోవలసిన చోట ఇక ఎవరైనా కూర్చోవచ్చు, ఎవరూ కూర్చోకపోయినా నడుస్తుంది. దాన్ని తన చోట పెట్టి పోవడానికే వచ్చాడు.

"మూడేండ్లు దీన్నే చెక్కినవా?"

"మూడేండ్లు. మిల్లు ఇడిచినంక ఒక్కొక్క చెక్క. నీ కోసమే."

"నాకేం గావాలెనో అడిగినవా ఎన్నడన్న?"

సీతారాములుకు నిజంగానే ఆశ్చర్యమేసింది. "అడుగుడేంది? పొయ్యేనాడు బస్సుకాడ నువ్వే అంటివి గద. నువ్వు పోతే నా పక్కన కూసునేదెవ్వరు అని. గా మాట మూడేండ్లు నా చెవుల్లనే ఉన్నది కళావతీ. మిల్లుల అన్ని మిషిన్లు మొత్తుకుంటున్నా గదే ఇనవడేది. ఇగో, కూసునేదాన్ని తెచ్చిన."

కళావతి అతన్నే చూసింది. పరాచికమాడుతున్నాడేమోనని చూసింది. లేదు. పక్కా నేతగాడి కొడుకు. ఆడది కన్నీళ్ళతో అన్న మాటను మగ్గానికి వచ్చిన తక్లీఫు కింద లెక్కగట్టి, మూడేళ్ళు కష్టపడి, దానికి మందు కనిపెట్టుకుని వచ్చాడు. వేరే కులపువాడైతే ఇంత తప్పు చేయగలడా? రైతు అయితే ఏడుపుకు ఏడుపే అనుకునేవాడు.

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతో పాటు ఇంకోటి కూడా వచ్చింది, దాన్ని కొంగుతో అద్దుకుంది.

"మనిషిని అడిగితే మాను తెచ్చినవ్," అంది.

"ఏమంటివి?"

"ఏం లేదు. మజ్జిగ పొయ్యాల్నా?"

అప్పుడు దగ్గాడు ధర్మయ్య. అరుగు మీద వక్క నములుతూ ఎప్పట్నుంచి వింటున్నాడో! ముసలివాళ్ళకు కళ్ళు పోతాయి, పళ్ళు పోతాయి, చెవులు మాత్రం అక్కరకొచ్చినప్పుడు తిరిగొస్తాయి.

"అమాసకు నువ్వెట్ల పోతవురా?"

"బస్సు మీద రాయచూరు, ఆడికెల్లి రైలు."

"రైలు కృష్ణ దాటుతదా లేదా?"

"దాటకుంటే షోలాపూరెట్లొస్తది?"

"మొదటి పోగు ఏసిన చెయ్యే చీర కొయ్యాలె. కొయ్యకుంట నది దాటరాదు. మిల్లుల తిరిగి తిరిగి ఇంటి కట్టుబాటు మర్సినవా?"

సీతారాములు ఎంగిలి చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. ఆ వీధిలో అది పాత నియమం. రెండు నదుల మధ్య నడిగడ్డలో పుట్టిన నేతగాడు, మగ్గం మీద తాను మొదలుపెట్టిన చీరను తానే కోసి దించాలి. కోయకుండా అటు కృష్ణనుగానీ ఇటు తుంగభద్రనుగానీ దాటకూడదు. మిల్లులో ఒకడు మొదలుపెట్టింది ఇంకొకడు నేస్తాడు, మూడోవాడు కోస్తాడు. అక్కడ పోగుకు చెయ్యి గుర్తుండదు. మూడేళ్ళు అక్కడున్నవాడు మరచిపోయాడంటే నమ్మవలసిందే.

"మా తాత తమ్ముడొకడు గట్లనే సగం చీర ఇడిసి పోయిండు," ధర్మయ్య వక్క ఇటు బుగ్గ నుంచి అటు బుగ్గకు మార్చాడు. "కృష్ణకాడ పుట్టి ఎక్కిండు. పుట్టి నడుమకు పోయి గిర్రున తిరుగుడు మొదలువెట్టె. పొద్దంత తిరిగె. పుట్టి నడిపేటోడు తెడ్డు ఇడిసి దండం పెట్టె. ఆఖర్కి చూస్తే ఏమున్నది? వీని పంచె కొసకు మగ్గం మీది పోగొకటి చిక్కుకొని ఈడికెల్లి నది దాంక సాగి ఉన్నది. తెగలె! గద్వాల పోగు గద. ఆ పోగు వట్టుకొనే మా ముత్తవ్వ ఇంట్ల కూసోని గుంజుతున్నది, చాపను గుంజినట్టు."

"ముత్తవ్వకు గంత బలమున్నదా మామా?" కళావతి అడిగింది.

"బలమెందుకు బిడ్డా. వచ్చేటోనికి మనసుంటే పోగు సాలు."

ఆమె తల వంచుకుంది. ఇందాక మామ "నా చెయ్యి యాడ లేస్తది" అన్నప్పుడు ఆ భుజం అంత బాధగా నిమురుకోవడం ఎందుకో ఇప్పుడు తెలిసింది. నిన్ననే ఆ చేత్తో అటక మీది జొన్నల గంప దించాడు.

కానీ సీతారాములు కొద్దిసేపటికే చెయ్యి కడుక్కుని, తేలిగ్గా నవ్వాడు. "ఉట్టిగ నేస్తే నెల పట్టేది. దీంతోని అమాస ముంగటనే కోస్త. కోసే పోత, నాయినా. నీ కట్టుబాటు నీకుండె, నా పని నాకుండె."

ధర్మయ్య నమలడం ఆపాడు. ఈ లెక్క ఆయనకు తట్టలేదు. కట్టుబాటు పెట్టిన పెద్దలకూ తట్టలేదు. వాళ్ళ కాలంలో చీర అంత తొందరగా అయ్యేది కాదు మరి.

ఆ మర్నాటి నుంచి ఆ ఇంట్లో ఒక విచిత్రం మొదలైంది. మగ్గం చప్పుడు ఆగితే బాగుండునని ఒక నేతగాడి భార్య కోరుకోవడం ఆ వీధిలో అదే మొదలు. తెల్లారేసరికి సీతారాములు గుంటలో ఉండేవాడు. టకటకమని తొక్కేవాడు, లాగేవాడు. చీర పెరిగేది. మామిడిపండు రంగు నూలు మీద ఎర్రపట్టు అంచు జానెడు జానెడు జరిగిపోతూ మగ్గం కర్రకు చుట్టుకుంటుంటే, కళావతికి అది చీరలా కాక, బస్సు చక్రం కింద చుట్టుకుపోతున్న రాయచూరు బాటలా కనబడేది.

ఆమె పక్కన కూర్చోబోతే, "నీకెందుకు కష్టం, జర నడుము వాల్చు," అనేవాడు. ఎంత మంచి మాట! నడుము వాల్చింది. నిద్ర పట్టలేదు.

సత్తెమ్మ మాత్రం రోజూ వచ్చి గడపలో కూర్చునేది. ఏ తాడు ఎటు పోతుందో, ఏ చెక్క ఎప్పుడు లేస్తుందో చూసి, ఇంటికి పోయి తన మగ్గం మీది సాలెగూడు దులిపి వచ్చింది. ముఖానికి పసుపు రాసుకోవడం మానిన మనిషి, మగ్గం కర్రలకు పసుపు రాసింది. "కళావతీ, నీ పెనిమిటి సల్లగుండాలె. నేను ఒకల ముంగట చెయ్యి సాపకుంట చేసిండు," అంది ఒకనాడు. కళావతి ఆమెకు వక్కాకు ఇచ్చింది.

చీర సగం దాటింది. ఆ తెల్లవారి, కోడి కూసినాక, కళావతి కళ్ళాపి చల్లడానికి లేచి, చల్లకుండా మగ్గం గదిలోకి పోయింది. ఏం చేయబోతోందో ఆమెకు బాగా తెలుసు. మెట్ల చీల తీసి ఉప్పుకుండలో వేస్తుంది. అమావాస్య పోయేదాకా అది ఉప్పులో ఊరుతుంది. పాపమైతే తనకే రానీ. సత్తెమ్మ ముఖం ఒకసారి కళ్ళ ముందు ఆడింది. తర్వాత పట్టు అంచు దగ్గర దారం చుట్టిన తన వేలు ఆడింది. చెయ్యి గూట్లో పెట్టింది.

గూడు ఖాళీ.

మళ్ళీ తడిమింది. కింద చూసింది. తాడు వదులై వేలాడుతోంది. చీల లేదు. తాను చేయబోయిన దొంగతనం తనకంటే ముందు ఎవరో చేసేశారు!

వాకిట్లో ధర్మయ్య వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్నాడు. కళావతి ఆయన ముఖం వంక చూసింది. ఆయన ఆమె ముఖం వంక చూశాడు.

"మామా..."

"ఏంది బిడ్డా, గట్ల చూస్తున్నవ్? నేనేమన్న దొంగతనం చేసిన్నా?"

అలా అన్నాక అడగడానికి ఏముంటుంది?

పొద్దెక్కేసరికి ఇల్లు ఇల్లులా లేదు. సీతారాములు వీధిలో నిలబడి అరుస్తున్నాడు. "ఎవ్వలు తీసిర్రు? పరాచికానికి తీస్తే ఇచ్చెయ్యుండ్రి! అమాస దగ్గరికొచ్చె! నా నౌకరి పోతది!" అంత గొంతు అతనికి ఉందని వీధికి ఆనాడే తెలిసింది. కురుమూర్తి తన మీసం మీద ఒట్టేశాడు. సత్తెమ్మ గుంటలోకి దిగి, మోకాళ్ళ మీద వంగి, మట్టిలో వేళ్ళతో వెతుకుతోంది. "పడితే ఈడనే పడాలె... ఈడనే ఉంటది..." ఆ గొంతు విని కళావతి వంటింట్లోకి తప్పుకుంది.

చివరికి ధర్మయ్యే వడ్రంగం చేసే వడ్ల యాదయ్యకు కబురు పెట్టాడు. యాదయ్య ఉలి చంకన పెట్టుకుని వచ్చి, ఖాళీ గూటిని చూసి, సీతారాములును చూశాడు.

"కొలత చెప్పు. కొట్టిస్త."

"కొలత యాదికి లేదన్నా."

"చేసినోనివి నువ్వేనాయె?"

"చేసిన గానీ... షోలాపూర్ల ఒక అచ్చు మీద చెక్కిన. మెట్లు యాదికి లేవు."

వెంట్రుక వాసి తప్పినా పనికిరాదని చెప్పినవాడు, ఎన్ని చెక్కి పారేశాడో లెక్కలేనివాడు, మెట్లు గుర్తులేవంటున్నాడు. కళావతి ఆ మాట వంటింట్లోంచి విన్నది. విని, వేరే పని తోచక, ఉతకడానికి దండెం మీద నుంచి అతని మిల్లు చొక్కా తీసింది. ఖాకీ చొక్కా. నూనె వాసన, బొగ్గు వాసన. మూడేళ్ళు ఆమెకు తెలియని ఊరి వాసన అంతా అందులో ఉంది. జేబు బరువుగా ఉంది. చెయ్యి పెట్టింది.

చీల.

దాని నడుము మీద ఎర్ర పట్టుదారం ఒక్కటే చుట్టు. గట్టిగా, పొందిగ్గా, ముడి లేకుండా. దారం కొస వదులుగా వేలాడుతోంది.

ఆమె గోడకు ఆనుకుంది. బయట అతడు ఇంకా అరుస్తూనే ఉన్నాడు. "దొరికిందంటే వాన్ని ఊర్కోను!" ఎవర్ని ఊర్కోడట? ఈ జేబు ఎవరిది? అయితే ఆ మొదటి పోగు కూడా... కట్టుబాటు నిజంగా మరచిపోయే వేశాడా? పోవడం ఇష్టం లేకపోతే లేదని చెప్పొచ్చు గదా. నోటితో ఒక్క మాట. దారం చుట్టడం తెలిసిన మనిషికి మాట చెప్పడం ఎందుకు రాదు? షోలాపూరులో ఏముందని అతడు పోవాలి? ఏముందని పోలేకపోతున్నాడు?

చీలను పిడికిట్లో బిగించి, చొక్కా మోచేతి మీద వేసుకుని, కళావతి మగ్గం గది గడపలోకి వచ్చింది.

యాదయ్య ఉలిని మొల్లో దోపుకుంటున్నాడు. "కొలత లేకుంట చీల కొట్టుమంటే, కాలు చూడకుంట చెప్పులు కుట్టుమన్నట్టే. పాతది ఇరిగిన ముక్కన్న ఎతికియ్యుండ్రి. పొద్దుగూకెవరకు దీనికొకటి, సత్తెమ్మకొకటి రెండు కొట్టిస్త. లేదంటే నేను పోత."

"జర ఆగు యాదయ్యా, నీ కాల్మొక్త," సత్తెమ్మ గుంటలోంచి తలెత్తింది. చేతులు మోచేతుల దాకా మట్టి.

"ఎవ్వల దగ్గరున్నా తెచ్చియ్యుండ్రని ఎన్నిసార్లు చెప్పాలె..." అంటూ సీతారాములు వీధి నుంచి లోపలికి తిరిగాడు. తిరిగి, కళావతి చేతి మీది ఖాకీ చొక్కాను చూశాడు. తర్వాత ఆమె పిడికిలిని చూశాడు. చేతిలో రుమాలు జారి కింద పడింది.

మూడేళ్ళ తర్వాత ఆ ఇద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోవడం అదే మొదటిసారి.

"ఏమ్రా అల్లుడా, మాట పడిపోయె?" కురుమూర్తి గడపలోంచి అడిగాడు.

సీతారాములు తల ఆడించాడు. కనబడీ కనబడనట్టు, వద్దన్నట్టు ఆడించాడు. ఆ వద్దన్నది ఏది వద్దనో, చెప్పవద్దనో, పోనివ్వవద్దనో, కళావతికి అందలేదు. వేళ్ళు ఇంకా బిగించింది.

గుంటలోంచి సత్తెమ్మ చూస్తోంది. కింద నుంచి చూసేవాళ్ళకు పిడికిలి అడుగు కనబడుతుంది.

"కళావతీ," అంది సత్తెమ్మ మెల్లగా, "నీ ఏళ్ళ సందుల ఏందే, గా ఎర్ర పోగు?"